‘సర్వీసు విషయములు చూడబడును’: బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్ గారి సర్వీసుకు నా రివ్యూ

డిగ్రీ అవగానే పరీక్ష రాసి, మొట్టమొదటిసారి గవర్నమెంట్ ఉద్యోగంలో చేరబోతున్నవాళ్లు ఈయన దగ్గరికి వెళ్లనక్కర్లేదు. వెళ్లినా పైసా తీసుకోకుండా ఆయనే వెనక్కి పంపేస్తారు. ఒక ప్రభుత్వ ఉద్యోగంలో నాలుగైదేళ్లు చేసి, ఇంకో దానికి సెలెక్ట్ అయి, ‘మళ్లీ మొదటి మెట్టు జీతం దగ్గర్నుంచి మొదలా దేవుడా’ అని టెన్షన్ పడేవాళ్ల కోసం రాస్తున్నాను ఇది.

గుంటూరు శంకర్‌విలాస్ సెంటర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, బ్రాడీపేట అడ్డరోడ్లలో ఒకదాంట్లో ఉంటుంది. ఇంటి ముందు గదే ఆఫీసు. షాపు పేరు అంటూ ఏమీ లేదు, రేకు బోర్డు మీద ‘సర్వీసు విషయములు చూడబడును’ అని ఉంటుంది. ఈ ‘బడును’ చూసి ఏ కాలం మనిషో అనుకున్నాను. నిజంగానే ఆ కాలం మనిషే. ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసి, సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు. పెన్షన్ కాగితాలు, పే ఫిక్సేషన్, మెడికల్ బిల్లులు, మెమోలకు జవాబులు అన్నీ రాస్తారు. మా బాబాయి పెన్షన్ రివిజన్ ఈయనే చేశారట. అలా తెలిసింది.

నా కేసు ఇదీ. ఒక కేంద్ర శాఖలో లెవెల్ 4 పోస్టులో ఉండేదాన్ని. చేరినప్పుడు బేసిక్ 25,500. ఏడో వేతన సంఘం పట్టికలో ఆ వరసలోనే ఒక్కో ఇంక్రిమెంటుకు ఒక్కో గడి దిగుతూ 26,300, 27,100, 27,900, ఆ తర్వాత 28,700 దాకా వచ్చాను. ఈలోగా ఇంకో పరీక్షలో వేరే కేంద్ర శాఖకు, హైదరాబాద్‌కు సెలెక్ట్ అయ్యాను. అదీ లెవెల్ 4 పోస్టే. ‘అదే లెవెల్‌కి మారడం ఎందుకమ్మాయ్’ అని చుట్టాలందరూ అడిగారు. మా ఆయన ఉద్యోగం అక్కడ, పాపను వేయాల్సిన బడి అక్కడ. పైగా కొత్త శాఖలో డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసైతే ప్రమోషన్ త్వరగా వస్తుందని విన్నాను. రెండు శాఖల పేర్లూ ఇక్కడ రాయను. ఒకచోట నా పాత స్నేహితులున్నారు, రెండో చోట నేనింకా ముప్ఫై ఏళ్లు కూర్చోవాలి.

ఆఫర్ లెటర్ వచ్చింది. అందులో ‘పే లెవెల్ 4, 25,500–81,100’ అని, షరతులకు అంగీకారమైతే ఫలానా తేదీలోగా తెలపాలని ఉంది. మా ఆయనది సాఫ్ట్‌వేర్. కంపెనీ మారిన ప్రతిసారీ హైక్ మాట్లాడుకునే వెళ్తారు. ‘వాళ్లు రాసిందానికి ఊ కొట్టేస్తావా? నెగోషియేట్ చెయ్’ అని ఆన్‌లైన్‌లో ఏదో వీడియో కోర్సు కొనిపెట్టారు, 1,499 రూపాయలు పోసి. కొంతసేపు చూశాను. మన నోటి నుంచి ముందు అంకె రాకూడదట, వాళ్లు అంకె చెప్పాక కాసేపు మౌనంగా ఉండాలట, చేతిలో ఇంకో ఆఫర్ ఉన్నట్టు ధ్వనించాలట. నాకు ఆఫర్ పంపినవాళ్లు దేశం మొత్తానికి కలిపి ఒకే అంకె నోటిఫికేషన్‌లో ఏనాడో అచ్చేశారు. నేను ఎంతసేపు మౌనంగా కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది? ఆ కోర్సుకు నా రేటింగ్ అడక్కండి.

సూపరింటెండెంట్ గారు ఆఫర్ లెటర్ పైపైన చూసి పక్కన పెట్టేశారు. పాత ఆఫీసు కాగితాలు అడిగారు. పరీక్షకు అప్లై చేసినప్పుడు ఆఫీసు ద్వారా చేశానా, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని పాత ఆఫీసు ఇచ్చే కాగితం) ఉందా, ప్రొబేషన్ పూర్తయి కన్ఫర్మేషన్ ఆర్డర్ వచ్చిందా అని వరసగా ప్రశ్నలు. అన్నీ ఉన్నాయన్నాను. అప్పుడు అన్నారు: ‘బేరమంతా నీ రాజీనామా లెటర్లో ఉందమ్మా. చేరాక అడిగితే దాన్ని బేరం అనరు, విన్నపం అంటారు.’

ఆయన రెండు వేలు తీసుకున్నది ఆ ముక్క చెప్పినందుకే అనుకోవచ్చు. కేంద్ర ఉద్యోగి మామూలుగా రాజీనామా చేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసంతా పోతుంది. పెన్షన్ రూల్స్‌లోనే ఉంది ఆ మాట. కానీ సరైన దారిలో, పై అధికారి అనుమతితో ఇంకో ప్రభుత్వ పోస్టుకు అప్లై చేసి, దాంట్లో చేరడానికే రాజీనామా చేస్తే దాన్ని ‘టెక్నికల్ రెసిగ్నేషన్’ అంటారు. అంటే పేరుకు రాజీనామా, లెక్కకు కొనసాగింపు. కొత్త పోస్టులో ఫిక్స్ చేసే జీతం పాత పోస్టులో (పర్మనెంటుగా ఉన్న పోస్టులో) తీసుకునే జీతం కన్నా తక్కువైతే, పాత జీతాన్నే కాపాడాలి. ఆర్థిక శాఖ 1965 జూన్ 17న ఇచ్చిన మెమోరాండం నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. ఆ తర్వాత డీఓపీటీ (కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ) 2016 ఆగస్టు 17న టెక్నికల్ రెసిగ్నేషన్, లీన్ (పాత పోస్టు మీద ఉండే హక్కు) గురించిన సూచనలన్నీ ఒకచోట చేర్చి ఇచ్చిన మెమోలో జీతం రక్షణ, ఇంక్రిమెంటుకు పాత సర్వీసు లెక్క, సెలవుల బదిలీ అన్నీ వివరంగా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ‘మరి ఆయన దేనికి’ అంటారా, వస్తున్నాను.

రాజీనామా లెటర్ ఆయన డిక్టేట్ చేశారు. నిండా ఏడెనిమిది వాక్యాలు లేవు. ఫలానా పోస్టుకు ఫలానా ఎన్‌ఓసీ ప్రకారం ప్రాపర్ చానెల్ ద్వారా అప్లై చేశాను, దానికి ఎంపికయ్యాను, అందులో చేరడానికే ఈ టెక్నికల్ రెసిగ్నేషన్, లీన్ ఉంచవలసిందిగా మనవి. అంతే. ‘ఇన్నేళ్లు అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు’ అని చివర్లో ఒక లైను నేను చేర్చబోతే, ‘అది ఫేర్‌వెల్‌లో చెప్పుకో తల్లీ’ అని కొట్టేశారు.

అసలు పని ఆ తర్వాత పడింది. పాత ఆఫీసు నా లెటర్ తీసుకుని ఆమోదం ఆర్డర్ ఇచ్చింది. అందులో ‘వ్యక్తిగత కారణాలతో చేసిన రాజీనామా ఆమోదించడమైనది’ అని ఉంది. ఏ పాత ఆర్డర్‌లోనో పేరు మార్చి కొట్టినట్టున్నారు. నా లెటర్‌లో వ్యక్తిగతం అన్న మాటే లేదు. వాట్సాప్‌లో పెడితే ఆయన చూడరు కాబట్టి ప్రింటు తీసుకుని వెళ్లాను. చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ‘రిలీవ్ అయ్యావా?’ లేదన్నాను. ‘అయితే బతికాం. ఇది పట్టుకుని అక్కడ చేరావనుకో, నాలుగు ఇంక్రిమెంట్లూ గంగపాలు.’ అక్కడికక్కడే అర పేజీ రాసిచ్చారు, ఆర్డర్ సవరించమని, 2016 మెమో నంబర్ వేసి. పాత ఆఫీసులో ‘ఏదైతే ఏముందమ్మా, రిలీవ్ చేస్తున్నాం కదా’ అని కొంచెం విసుక్కున్నారు గానీ, మెమో నంబర్ చూశాక సవరణ ఆర్డర్ ఇచ్చారు. ఆ మెమో నా ఫోన్‌లోనూ ఉంది, అందరి ఫోన్లలోనూ ఉండొచ్చు. ఆర్డర్‌లో లేని మాటను పట్టుకునే కన్ను మాత్రం ముప్ఫై ఏళ్లు ఆ సెక్షన్‌లో కూర్చుంటేనే వస్తుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. నేను 2025 ఏప్రిల్‌లో చేరాను. అప్పుడు డీఏ (కరువు భత్యం) 55 శాతం. హైదరాబాద్ ఎక్స్ క్లాస్ సిటీ (పెద్ద నగరాల వర్గం) కాబట్టి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 30 శాతం. లెవెల్ 4కి అక్కడ ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ 3,600, దాని మీద డీఏ. కొత్తగా చేరినవాళ్లకు బేసిక్ 25,500, డీఏ 14,025, హెచ్‌ఆర్‌ఏ 7,650, ట్రాన్స్‌పోర్ట్ 5,580, మొత్తం 52,755. నాకు రావలసిన బేసిక్ 28,700 మీద వేస్తే 58,675. అంటే నెలకు 5,920 తేడా. ఇది గ్రాస్. ఎన్‌పీఎస్‌కు (పెన్షన్ పథకానికి) బేసిక్, డీఏల మీద పది శాతం మన జీతంలో కోస్తారు, ప్రభుత్వం పద్నాలుగు శాతం వేస్తుంది. బేసిక్ పెరిగితే ఆ రెండూ పెరుగుతాయి.

కొత్త ఆఫీసు నన్ను 25,500 దగ్గరే పెట్టింది. బిల్లుల సెక్షన్‌లో ఉన్నాయన చాలా మర్యాదగానే చెప్పారు, ‘డైరెక్ట్ రిక్రూట్ అంటే మినిమమే మేడమ్, పరీక్ష రాసి వచ్చారు కదా’ అని. ప్రొటెక్షన్ గురించి అడిగితే ‘అది ప్రమోషన్ వాళ్లకు’ అన్నారు. సూపరింటెండెంట్ గారు ఇది ముందే ఊహించి ఒక సెట్టు కట్టి ఇచ్చారు. పైన విన్నపం, కింద వరసగా ఎన్‌ఓసీ, కన్ఫర్మేషన్ ఆర్డర్, సవరించిన రాజీనామా ఆమోదం, రిలీవింగ్ ఆర్డర్, లాస్ట్ పే సర్టిఫికెట్, సర్వీస్ బుక్‌లో ఇంక్రిమెంట్ల పేజీలు. ప్రతి కాగితానికీ మూలలో నంబరు, విన్నపంలో ఏ వాక్యానికి ఏ నంబరు కాగితమో పెన్సిల్‌తో గుర్తు. ‘చదివేవాడు వెతుక్కునే పని పెట్టకూడదు. వెతుక్కోవాలంటే ఫైలు కింద పెడతాడు’ అన్నారు. సెట్టు తీసుకున్నట్టు డైరీ నంబరు వేయించుకోకుండా సీటు దగ్గర్నుంచి కదలొద్దని కూడా చెప్పారు.

ఫైలు అకౌంట్స్‌కు వెళ్లింది, పాత ఆఫీసుకు సర్వీస్ బుక్ కోసం ఉత్తరం వెళ్లింది, ఆ బుక్ రావడానికే వానాకాలం సగం అయిపోయింది. దసరా వెళ్లాక ఆర్డర్ వచ్చింది. చేరిన తేదీ నుంచి 28,700, అరియర్స్‌తో సహా. అంతకన్నా నాకు సంతోషం కలిగించింది ఇంకో లైను. పాత సర్వీసు కలిపి లెక్కేశారు కాబట్టి 2025 జూలై 1 ఇంక్రిమెంటు కూడా ఇచ్చారు, 29,600. నాతోపాటు ఏప్రిల్‌లో చేరిన కొత్త పిల్లలకు ఆరు నెలలు నిండాలి కనుక మొదటి ఇంక్రిమెంటు జనవరిలోనే. జూలై నుంచి డీఏ 58 శాతం అయింది. ఆ లెక్కన 25,500కూ 29,600కూ మధ్య తేడా నెలకు 7,708. మా ఆయన ఈ అంకె చూసి, ‘ఇది హైకే’ అన్నారు. హైక్ కాదు, నాదే నాకు ఇచ్చారు.

ఇక ఆయనలో నచ్చనివి. చాలానే ఉన్నాయి.

పాత కాలం మనిషి అన్నాను కదా, రూల్స్‌లోనూ అదే. జీతం ఫిక్స్ చేసే ఫండమెంటల్ రూల్ అనగానే నోట్లో ఇంకా ‘ఎఫ్‌ఆర్ 22-సీ’ అనే వస్తుంది. ఆ నిబంధన 1989లోనే పోయి 22(1)(ఎ)(1)గా మారింది. నోటితో అన్నా ఫర్వాలేదు, నా సెట్టులో ఒకచోట టైపు కూడా చేశారు. ముందే చదువుకున్నాను కాబట్టి దిద్దించాను. నా కేసుకు అసలు ఆ రూలే అక్కర్లేదు, అది పై బాధ్యతల పోస్టుకు వెళ్లినవాళ్లది. జీతం అంచనా కోసం ఆయన ఇచ్చే జిరాక్స్ షీటులో హెచ్‌ఆర్‌ఏ ఇంకా 24, 16, 8 శాతాలే ఉన్నాయి. అవి 2017 నాటివి. డీఏ 50 శాతానికి చేరాక 2024 నుంచి 30, 20, 10 అయ్యాయి. ఆయన షీటు నమ్మి హైదరాబాద్‌లో ఇల్లు చూసుకుంటే ఒక గది తగ్గించుకోవాల్సి వస్తుంది. సెలవుల బదిలీ సంగతి సెట్టులో పెట్టనే లేదు. నా ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) కొత్త ఆఫీసుకు తెచ్చుకోవచ్చని 2016 మెమోలోనే ఉంటే, అడిగి రాయించుకున్నాను.

కసురుకుంటారు. తెలిసి అడిగినా, తెలియక అడిగినా ఒకటే కసురు. ఫ్యాన్ కింద మూడే కుర్చీలు, మిగతావాళ్లు అరుగు మీద. టైపింగ్ పక్కనున్న డీటీపీ షాపు కుర్రాడు చేస్తాడు, ‘సబ్‌స్టాంటివ్’ను రెండు రకాలుగా తప్పు కొట్టాడు. ఆ షాపులోనే ఐదొందలకు రెడీమేడ్ లెటర్ కూడా దొరుకుతుంది, దాని జోలికి వెళ్లొద్దు. ఎవరో రాష్ట్ర ప్రభుత్వ టీచర్ కేసు లెటర్‌ను అందరికీ పేర్లు మార్చి ఇస్తున్నాడు.

నచ్చిన సంగతి, పని లేనిచోట పని పుట్టించరు. నేను అరుగు మీద కూర్చుని ఉండగా ఒకమ్మాయి వచ్చింది, స్టేట్ బ్యాంక్ క్లర్కుగా సెలెక్ట్ అయిందట. స్టార్టింగ్ ఎంత అడగాలి సార్ అంది. ‘అడిగేదేం లేదమ్మా, 24,050 మీద గ్రాడ్యుయేట్‌కు రెండు ఇంక్రిమెంట్లు కలిపి 26,730 అని నోటిఫికేషన్‌లోనే వేశారు, స్వీటు తీసుకురా’ అని పంపేశారు. ఒకబ్బాయికి ప్రైవేటు కంపెనీలో అనుభవం ఉంది, సర్టిఫికెట్ పెడితే పట్టికలో నాలుగు గడులు దింపి జీతం పెంచుతారా అని అడిగాడు. మామూలు పరీక్షతో వచ్చిన ఇలాంటి పోస్టుకు అలాంటిది లేదని ఒక్క ముక్కలో చెప్పారు. తెనాలి వైపు నుంచి గ్రామ/వార్డు సచివాలయ ఉద్యోగి ఒకాయన వచ్చారు. 2019లో పదిహేను వేల కన్సాలిడేటెడ్ మీద చేరి, 2022 జూలైలో స్కేలు అందుకున్న బ్యాచ్. ఇప్పుడు కేంద్రంలో పోస్టు వచ్చింది. రాష్ట్రం నుంచి కేంద్రానికి దారి వేరు, తనకు అంత పట్టు లేదు, ముందు చేరబోయే శాఖకే రాసి అడగమని ఉచితంగా చెప్పి పంపారు. తెలియదని ఒప్పుకునే కన్సల్టెంట్‌ను నేను చూడటం అదే మొదలు.

మధ్యలో ఒక ముచ్చట. మా పెదనాన్న గారి అబ్బాయి వర్జీనియాలో ఉంటాడు, అక్కడి పౌరుడు, ఫెడరల్ ప్రభుత్వంలో చేరాడు. నా గొడవంతా విని నవ్వాడు. అక్కడ ఒక్కో గ్రేడుకు పది మెట్లట. కొత్తవాళ్లను మామూలుగా మొదటి మెట్టు మీదే పెడతారు. మన అర్హతలు మరీ మెరుగ్గా ఉన్నాయని చూపించి పై మెట్టు అడగొచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్లిష్టం. అన్నయ్య అడిగి సాధించుకున్నాడు. ‘కానీ చెల్లాయ్, అది చేరకముందే ఆమోదం కావాలి. చేరిన మర్నాడు అడిగినా కుదరదు’ అన్నాడు. ఈ మాట సూపరింటెండెంట్ గారికి చెబితే, అమెరికా వాళ్లు కూడా దారిలోకి వచ్చారన్నట్టు తలాడించారు.

ఫీజు: ఒక్క లెటర్ అయితే మూడొందలు, మొత్తం సెట్టు రెండు వేలు, టైపింగ్ ఖర్చు వేరే. ఆర్డర్ వచ్చాక ఇంకేమీ అడగలేదు. పూతరేకులు పట్టుకెళ్తే షుగరుందని ఇంట్లోకి పంపేశారు. ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒకటి కోసింది కసురుకున్నందుక్కాదు, పాత హెచ్‌ఆర్‌ఏ షీటుకు.

వెళ్లాలనుకుంటే రాజీనామా లెటర్ ఇవ్వకముందే వెళ్లండి. ఉదయం పదిన్నర నుంచి ఒంటిగంట వరకే ఉంటారు, ఆదివారం తీయరు. ఫోన్‌పే లేదు, నోట్లు పట్టుకెళ్లండి. ఒరిజినల్స్ అక్కడ వదలొద్దు, రెండు సెట్ల జిరాక్స్ చాలు. టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టేముందు రూల్ నంబర్లు మీరే ఒకసారి సరిచూసుకోండి.